జైల్‌బ్రేక్‌కు ముందు ఫర్మ్‌వేర్ సంతకం సంగతి: ఐఫోన్ వాడేవారికి సమగ్ర మార్గదర్శి

కడప ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల సెల్‌ఫోన్ దుకాణాలకు జైల్‌బ్రేక్ (ఆపిల్ పెట్టిన కట్టడులను తొలగించి ఐఫోన్‌లో కోరిన మార్పులు చేసుకోవడం) కోసం వచ్చేవారు చాలామంది ముందుగా అడిగేది టూల్ పేరు. "అన్నా, ఈ ఐఫోన్‌కు ఏ టూల్ పడుతుంది?" అంటారు. దానికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఈ ఫోన్‌లో ఇప్పుడున్న ఐఓఎస్ వెర్షన్ మీద తయారీదారు ఆపిల్ ఈ రోజుకు కూడా సంతకం (ఆ వెర్షన్‌ను వేసుకోవడానికి ఇచ్చే డిజిటల్ అనుమతి) చేస్తోందా, లేక ఆపేసిందా అన్నది తెలుసుకోవాలి. సంతకం కొనసాగుతున్న వెర్షన్ అయితే ఏ తేడా వచ్చినా దాన్నే మళ్లీ వేసుకోవచ్చు. ఆగిపోయిన వెర్షన్ అయితే ఒక్క రీస్టోర్‌తో (ఫోన్‌ను చెరిపి ఐఓఎస్‌ను మళ్లీ వేయడంతో) అది చేజారిపోతుంది, దానితోపాటు జైల్‌బ్రేక్ అవకాశమూ పోతుంది. టూల్ ఎంత మంచిదైనా ఈ పరిస్థితిని మార్చలేదు. అందుకే ఈ మార్గదర్శిలో టూల్ నడపడం కంటే, నడపడానికి ముందు తిరిగి వచ్చే దారిని భద్రపరచుకోవడం మీదనే ఎక్కువ దృష్టి పెడుతున్నాను.

ఇందులో చెప్పేదంతా సొంత ఫోన్ మీద చేసుకునే పని గురించి మాత్రమే. ఐక్లౌడ్ లాక్ పడిన ఫోన్‌ను తెరవడానికి ఫర్మ్‌వేర్ (ఫోన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) సంతకాలు ఉపయోగపడవు, ఆ లాక్ ఆపిల్ సర్వర్‌లో ఉంటుంది.

సంతకం లోపల జరిగేదేమిటి

ఐఫోన్ ప్రాసెసర్ చిప్ తయారయ్యేటప్పుడే అందులో బూట్ రామ్ (Boot ROM) అనే చిన్న ప్రోగ్రామ్‌ను శాశ్వతంగా చెక్కేస్తారు. ఫోన్ ఆన్ చేయగానే మొట్టమొదట నడిచేది ఇదే. ఆపిల్ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ ఇందులోనే ఉంటుంది. బూట్ రామ్ తన తర్వాత నడవాల్సిన ఐబూట్ అనే ప్రోగ్రామ్‌ను ఆ కీతో పరీక్షించి, సంతకం సరిపోతేనే దానికి నియంత్రణ అప్పగిస్తుంది. ఐబూట్ మళ్లీ ఐఓఎస్ మూల భాగమైన కెర్నెల్‌ను పరీక్షిస్తుంది. ఏ9, అంతకు ముందు చిప్‌లలో వీటి మధ్య ఎల్ఎల్‌బీ అనే మరో దశ కూడా ఉండేది. ఈ గొలుసులో ఒక్క కొక్కెం తప్పినా ఫోన్ ముందుకు వెళ్లక రికవరీ మోడ్‌లోనో డీఎఫ్‌యూ మోడ్‌లోనో (కంప్యూటర్‌తో మళ్లీ సాఫ్ట్‌వేర్ వేయించుకునే స్థితుల్లో) ఆగిపోతుంది.

ఇక్కడివరకు చాలామందికి తెలుసు. కానీ ఆపిల్ ఒక ఐఓఎస్ ఫైల్‌ను విడుదల చేసేటప్పుడు ఒకసారి సంతకం చేసేసి ఊరుకోదు. ప్రతి ఫోన్‌కూ, ప్రతి రీస్టోర్ సమయంలోనూ విడిగా సంతకం చేస్తుంది, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కంప్యూటర్‌లో ఐపీఎస్‌డబ్ల్యూ అనే ఐఓఎస్ ఫైల్‌ను ఎంచుకుని రీస్టోర్ నొక్కగానే కంప్యూటర్ ఆపిల్ సర్వర్‌కు ఒక అభ్యర్థన పంపుతుంది. ఆ అభ్యర్థనలో ఐబూట్, కెర్నెల్, సిస్టమ్ ఇమేజ్ వంటి ఒక్కో భాగపు హాష్ విలువ (ఆ భాగానికి వేలిముద్ర లాంటి సంఖ్య) ఉంటుంది. ఆ చిప్‌కు మాత్రమే చెందిన ఈసీఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఫోన్ అప్పటికప్పుడు పుట్టించిన నాన్స్ అనే యాదృచ్ఛిక విలువ కూడా ఉంటుంది. సర్వర్ ఆ హాష్‌లను తాను అనుమతిస్తున్న వెర్షన్ల జాబితాతో పోల్చుకుని, అనుమతి ఉంటే ఈ మూడింటినీ కలిపి సంతకం చేసిన టికెట్‌ను తిరిగి పంపుతుంది. జైల్‌బ్రేక్ చేసేవారు ఎస్‌హెచ్‌ఎస్‌హెచ్ బ్లాబ్ అని పిలిచేది ఈ టికెట్ దాచిన ఫైల్‌నే.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజుతో పోల్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దస్తావేజులో సర్వే నంబరు, పేరు, ఆ రోజు వేసిన డాక్యుమెంటు నంబరు ఉంటాయి. ఒకరి దస్తావేజు మరొకరి పొలానికి పనికిరాదు. బ్లాబ్ కూడా అంతే, మీ తమ్ముడి ఐఫోన్ మీ ఫోన్ మోడలే అయినా అతని బ్లాబ్ మీకు పనికిరాదు.

సర్వర్ అనుమతి ఇవ్వకపోతే ఐట్యూన్స్‌లో 3194 అనే ఎర్రర్ వస్తుంది, లేదా కోరిన బిల్డ్‌కు ఈ పరికరం అర్హం కాదనే సందేశం కనిపిస్తుంది. ఇది చూసి ఫైల్ పాడయిందనుకుని మళ్లీ ఐదారు జీబీలు డౌన్‌లోడ్ చేసుకునేవారిని చూస్తుంటాను. చాలా సందర్భాల్లో ఫైల్‌లో ఏ లోపమూ ఉండదు, ఆ వెర్షన్‌కు సంతకం ఆగిపోయి ఉంటుంది.

ఈ పద్ధతి ఎలా గట్టిపడుతూ వచ్చింది

ప్రతి ఫోన్‌కూ విడిగా సంతకం చేసే పద్ధతి 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో మొదలైంది. ఆ రోజుల్లో నాన్స్ లేదు. ఒకసారి వచ్చిన టికెట్‌ను దాచిపెట్టుకుంటే ఎన్నిసార్లైనా వాడుకోగలిగేవారు. జైల్‌బ్రేక్ ఫోన్‌లకు యాప్ స్టోర్ లాంటి సిడియా సృష్టికర్త జే ఫ్రీమన్ ఈ లొసుగును గుర్తించి, వాడుకరుల టికెట్లను దాచి ఉంచే సర్వర్‌ను అదే ఏడాది నడిపారు. 2011లో ఐఓఎస్ 5తో ఆపిల్ టికెట్‌లో నాన్స్‌ను చేర్చడంతో పాత టికెట్‌ను ఉన్నదున్నట్టు మళ్లీ చూపించడం కుదరకుండా పోయింది. 2013లో ఏ7 చిప్‌తో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌లో సెక్యూర్ ఎన్‌క్లేవ్ (ఎస్ఈపీ అని కూడా అంటారు, పాస్‌కోడ్, వేలిముద్రలను కాపాడే విడి భాగం) చేరింది. దానికి సొంత ఫర్మ్‌వేర్, సొంత నాన్స్ ఉన్నాయి. 2018లో ఏ12 నుంచి నాన్స్‌ను ఆ చిప్‌కు మాత్రమే తెలిసిన కీతో ముడిపెట్టారు. ఐఓఎస్ 16 నుంచి సిస్టమ్‌లో కొంత భాగాన్ని క్రిప్టెక్స్ పేరుతో వేరుచేసి దానికీ విడిగా టికెట్ పెట్టారు.

ఇదంతా జైల్‌బ్రేక్ చేసేవారిని ఇబ్బంది పెట్టడానికే అనుకోవడం సరికాదు. పాత వెర్షన్‌లో బయటపడిన లోపాన్ని కొత్త వెర్షన్‌లో సరిదిద్దిన తర్వాత, ఫోన్ చేజిక్కించుకున్న దొంగ దాన్ని పాత వెర్షన్‌కు దించి అదే లోపం గుండా లోపలికి చొరబడకుండా ఆపడమే దీని మొదటి ఉద్దేశం. అది న్యాయమైన ఉద్దేశమే. అయితే కొన్న ఫోన్‌లో ఏ వెర్షన్ నడపాలన్న నిర్ణయం కొన్నవారి చేతిలోంచి పోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. కొత్త వెర్షన్‌తో ఫోన్ నెమ్మదించినా వెనక్కి వెళ్లే హక్కు వాడుకరికి లేకపోవడం ఇందులోని పెద్ద లోటు.

కొత్త వెర్షన్ వచ్చిన తర్వాత సాధారణంగా వారం, రెండు వారాల్లో పాతదాని సంతకం ఆగిపోతుంది. కొన్నిసార్లు ఇంకా త్వరగా ఆగిపోవచ్చు, ముందస్తు ప్రకటన ఉండదు. పాత పరికరాలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఐఫోన్ 5ఎస్‌కు 10.3.3 ఓటీఏ (నేరుగా ఫోన్‌కే వచ్చే అప్‌డేట్) సంతకాన్ని 5ఎస్ చివరి వెర్షన్ వచ్చిన తర్వాత కూడా చాలాకాలం కొనసాగించారు.

మొదటి మెట్టు: చిప్, మోడల్, బిల్డ్ నంబరు రాసుకోవడం

సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి వెర్షన్‌ను, దాని మీద నొక్కితే బ్రాకెట్లలో కనిపించే బిల్డ్ నంబరును కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఐట్యూన్స్‌లో ఫోన్ పేజీకి వెళ్లి, సీరియల్ నంబరు మీద మౌస్‌తో వరుసగా నొక్కుతూ పోతే అదే చోట యూడీఐడీ, ఈసీఐడీ, మోడల్ ఐడెంటిఫయర్ ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. ఉదాహరణకు ఒక రకం ఐఫోన్ 7కు ఐఫోన్9,3 అని చూపిస్తుంది. బయట పెట్టె మీద ఉండే పేరుకూ ఈ ఐడెంటిఫయర్‌కూ అంకెలు కలవవు కాబట్టి ఊహతో రాయకూడదు. ఐఫోన్ 6ఎస్, మొదటి ఎస్ఈలలో ఒకే ఐడెంటిఫయర్ కింద రెండు రకాల చిప్‌లు వచ్చాయి, ఒకటి శాంసంగ్ తయారీ, మరొకటి టీఎస్ఎంసీ తయారీ. వీటికి బోర్డ్ కాన్ఫిగ్ అనే మరో వివరం కూడా అవసరమవుతుంది.

ఇప్పుడు చిప్‌ను బట్టి మీరు ఏ వర్గంలో ఉన్నారో తేలుతుంది. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

2019 సెప్టెంబరు 27న ఆక్సియోమ్ఎక్స్ అనే పరిశోధకుడు చెక్‌మ్8 అనే లోపాన్ని బయటపెట్టారు. ఇది ఏ5 నుంచి ఏ11 వరకు, అంటే ఐఫోన్ 4ఎస్ నుంచి ఐఫోన్ 10 వరకు, బూట్ రామ్‌లోనే ఉన్న లోపం. చిప్‌లో చెక్కిన దాన్ని అప్‌డేట్‌తో మార్చలేరు కాబట్టి ఈ లోపం ఆ ఫోన్ ఉన్నంతకాలం ఉంటుంది. ఐఫోన్ 7ను తీసుకుంటే దానికి చివరి ప్రధాన వెర్షన్ ఐఓఎస్ 15. ఆపిల్ చివరి వెర్షన్‌కు సంతకం చేస్తూనే ఉంటుంది, ఆ వెర్షన్ మీద కూడా పాలెరైన్ వంటి టూల్ పనిచేస్తుంది. అలాంటి ఫోన్‌తో ఎంత పొరపాటు జరిగినా మళ్లీ రీస్టోర్ చేసి మొదటికి రావచ్చు. నేర్చుకునేవారు ఇలాంటి ఫోన్ మీదే నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఏ12, ఆ తర్వాతి చిప్‌ల కథ వేరు. ఐఫోన్ ఎక్స్ఆర్, ఐఫోన్ 11 మొదలైన వాటిలో ఈ బూట్ రామ్ లోపం లేదు. వాటి జైల్‌బ్రేక్ పూర్తిగా కెర్నెల్ లోపాల మీద ఆధారపడుతుంది, ఆ లోపాలు తర్వాతి వెర్షన్‌లో మూసుకుపోతాయి. ఐఓఎస్ 16.3లో ఉన్న ఐఫోన్ 11 మీద డోపమైన్ అనే టూల్ పనిచేస్తుంది. అదే ఫోన్‌ను ఒకసారి రీస్టోర్ చేస్తే ఆ రోజు సంతకం ఉన్న కొత్త వెర్షన్‌కు వెళ్లిపోతుంది, 16.3కు మళ్లీ రావడం దాదాపు అసాధ్యం. ఈ వర్గం ఫోన్ ఉన్నవారు కింది మెట్లన్నిటినీ ఒకటి రెండుసార్లు చదివి మరీ ముందుకు వెళ్లాలి.

రెండో మెట్టు: ఈ రోజు ఏ వెర్షన్లకు సంతకం ఉందో చూసి నిర్ణయించడం

ఐపీఎస్‌డబ్ల్యూ డాట్ మీ వంటి చోట మీ మోడల్‌ను ఎంచుకుంటే సంతకం ఉన్న వెర్షన్లు పచ్చ రంగులో, ఆగిపోయినవి ఎరుపు రంగులో కనిపిస్తాయి. మీ టూల్‌కు సరిపడే వెర్షన్ల జాబితాను పక్కన పెట్టుకుని దీనితో పోల్చాలి.

మీ ఫోన్‌లో ఉన్న వెర్షన్‌కు టూల్ ఉంటే దాన్ని కదిలించకుండా ఉంచాలి. మీ వెర్షన్‌కు టూల్ లేకుండా, సంతకం ఉన్న మరో వెర్షన్‌కు టూల్ ఉంటే ఆ సంతకం ఆగిపోయేలోపే అక్కడికి వెళ్లాలి. ఈ రెండూ కాకపోతే ఉన్న వెర్షన్‌లోనే నిలిచి ఎదురుచూడాలి. జైల్‌బ్రేక్‌లలో ఎక్కువగా వాడే లోపాలు పాత వెర్షన్లకు తర్వాత బయటపడేవే కాబట్టి, తొందరపడి అప్‌డేట్ చేసినవారికంటే ఓపికగా ఆగినవారికే అవకాశం దక్కుతుంది.

మూడో మెట్టు: అప్‌డేట్ దానంతట అది పడకుండా చూడటం

సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కింద ఆటోమేటిక్ అప్‌డేట్స్‌లోని స్విచ్‌లన్నిటినీ ఆపాలి. తర్వాత ఐఫోన్ స్టోరేజ్‌లోకి వెళ్లి, అప్పటికే డౌన్‌లోడ్ అయిన ఐఓఎస్ ఫైల్ ఉంటే తొలగించాలి. ఇది మరచిపోతే రాత్రి చార్జింగ్‌లో పెట్టిన ఫోన్ పొద్దున్నకు కొత్త వెర్షన్‌లో ఉండే ప్రమాదముంది. ఫోన్ ఇంట్లో పిల్లల చేతికి కూడా వెళ్తుంటే, అప్‌డేట్ గురించి తెరమీద వచ్చే ప్రశ్నకు పాస్‌కోడ్ కొట్టవద్దని ముందే చెప్పాలి.

దుకాణంలో స్క్రీనో బ్యాటరీయో మార్పించడానికి ఇచ్చేటప్పుడు "సాఫ్ట్‌వేర్ వేయవద్దు" అని స్పష్టంగా చెప్పి, వీలైతే బిల్లు మీద కూడా రాయించుకోవాలి. ఏ చిన్న సమస్య వచ్చినా ముందు సాఫ్ట్‌వేర్ వేసేసే అలవాటు చాలా దుకాణాల్లో ఉంది, వాళ్ల దృష్టిలో అది కస్టమర్‌కు చేసే మేలే. ఒక పరిచయస్తుడి ఐఫోన్ 11 చార్జింగ్ పిన్ మార్చడానికి ఇస్తే ఇలాగే కొత్త వెర్షన్‌తో తిరిగి వచ్చింది, పిన్ మాత్రం చక్కగా పనిచేసింది.

నాలుగో మెట్టు: బ్యాకప్, కరెంటు, కేబుల్

కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ తీసుకోవాలి. అప్పుడే దాచిన పాస్‌వర్డ్‌లు, హెల్త్ వివరాలు కూడా అందులో చేరతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొత్త ఐఓఎస్‌లో తీసిన బ్యాకప్‌ను పాత ఐఓఎస్‌లోకి మామూలుగా తిరిగి ఎక్కించలేరు. కాబట్టి ఫోటోలను, ముఖ్యమైన పత్రాలను విడిగా ఫైళ్లుగా కూడా దాచుకోవాలి.

వేసవిలో మా జిల్లాలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. రీస్టోర్ మధ్యలో డెస్క్‌టాప్ ఆగిపోతే ఫోన్ రికవరీ మోడ్‌లో నిలిచిపోతుంది, సంతకం లేని వెర్షన్‌కు వెళ్లే ప్రయత్నంలో ఉంటే ఆ నిలిచిపోవడం ఖరీదైనది. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ వాడాలి, లేదా ఇన్వర్టర్ లైన్ మీద పెట్టాలి. ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం పూట ఫోన్ వేడెక్కి ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. చెక్‌మ్8 ఆధారిత టూల్‌లకు యూఎస్‌బీ టైప్-సీ నుంచి లైట్నింగ్ కేబుల్ కంటే పాత యూఎస్‌బీ-ఏ కేబుల్ నమ్మకంగా పనిచేస్తుంది.

ఐదో మెట్టు: బ్లాబ్‌లు దాచుకోవడం

బ్లాబ్‌ను సంతకం కొనసాగుతున్న వెర్షన్‌కు మాత్రమే తీసుకోగలరు. ఆగిపోయిన తర్వాత ఏ టూల్‌తోనూ, ఎంత డబ్బు ఇచ్చినా, కొత్తగా సంపాదించలేరు. "పాత వెర్షన్ బ్లాబ్ ఇస్తాం" అని డబ్బు అడిగేవారెవరైనా మోసం చేస్తున్నారని ఖాయంగా చెప్పవచ్చు, ఎందుకంటే మీ ఈసీఐడీతో ఆపిల్ సంతకం చేసిన టికెట్ వాళ్ల దగ్గర ఉండే అవకాశమే లేదు.

దీనికి బ్లాబ్‌సేవర్ అనే ప్రోగ్రామ్ సులువైనది. టెర్మినల్ అలవాటున్నవారు టీఎస్ఎస్‌చెకర్ వాడవచ్చు. రెండూ చేసే పని ఒకటే. రీస్టోర్ జరుగుతున్నట్టుగా ఆపిల్ సర్వర్‌ను అడిగి, వచ్చిన టికెట్‌ను ఫోన్‌లో వాడకుండా ఫైల్‌గా దాస్తాయి. బ్లాబ్‌సేవర్ తెరిచి మొదటి మెట్టులో రాసుకున్న ఈసీఐడీని, మోడల్ ఐడెంటిఫయర్‌ను నింపాలి. ఈసీఐడీలో ఒక్క అంకె తప్పినా సర్వర్ టికెట్ ఇచ్చేస్తుంది, అది మీ ఫోన్‌కు పనికిరాదు, ఆ విషయం మీకు అవసరం పడే రోజువరకు తెలియదు. అందుకే చేత్తో కొట్టకుండా ఫోన్ కనెక్ట్ చేసి నేరుగా చదివించుకోవడం మేలు.

తర్వాతిది నాన్స్. ఈ మెట్టు మొత్తంలో అతి కీలకమైన భాగం ఇదే, తొందర పడకుండా చదవాలి.

ఫోన్ పుట్టించే నాన్స్ నిజానికి జనరేటర్ అనే చిన్న విలువ నుంచి వస్తుంది. జనరేటర్‌ను ఫోన్ ఎన్‌వీరామ్‌లో (కరెంటు లేకపోయినా చెరగని చిన్న మెమరీలో) ఉంచుకుని, దాన్ని హాష్ చేసి నాన్స్‌గా చూపిస్తుంది. జైల్‌బ్రేక్ అయిన ఫోన్‌లో మనం కోరిన జనరేటర్‌ను పెట్టగలిగితే, దాచిన బ్లాబ్‌లోని నాన్స్‌తో ఫోన్ చూపే నాన్స్ సరిపోతుంది. అప్పుడు పాత టికెట్ మళ్లీ చెల్లుతుంది. బ్లాబ్‌లను మళ్లీ వాడే విద్య అంతా ఈ ఒక్క అమరిక మీద నిలబడి ఉంది.

ఏ11, అంతకు ముందు చిప్‌లలో ఒకే జనరేటర్ పెడితే ఒకే చిప్ తరానికి చెందిన అన్ని ఫోన్‌లూ ఒకే నాన్స్ ఇస్తాయి. కాబట్టి ముందే అనుకున్న జనరేటర్‌తో బ్లాబ్ తీసుకుంటే సరిపోతుంది. సున్నా-ఎక్స్ తర్వాత పదహారు ఒకట్లు ఉండే జనరేటర్ అన్‌కవర్ టూల్ వల్ల బాగా వాడుకలోకి వచ్చింది, గుర్తుపెట్టుకోవడానికి కూడా అదే తేలిక. ఏ12, ఆ తర్వాతి చిప్‌లలో ఇలా కుదరదు. అదే జనరేటర్ ఒక్కో ఫోన్‌లో ఒక్కో నాన్స్ ఇస్తుంది, ఎందుకంటే మధ్యలో ఆ చిప్ సొంత కీ కలుస్తుంది. కాబట్టి మీ ఫోన్ నుంచే జనరేటర్‌ను, దానికి సరిపడే నాన్స్‌ను జంటగా చదివి, ఆ జంటతోనే బ్లాబ్ తీసుకోవాలి. బ్లాబ్‌సేవర్‌లో పరికరం నుంచి చదివే సదుపాయం ఉంది. అది ఫోన్‌ను రికవరీ మోడ్‌లోకి తీసుకెళ్లి తిరిగి మామూలు మోడ్‌లోకి తెస్తుంది, ఆ కొద్దిసేపు కేబుల్ కదిలించకూడదు. ఏ12 ఫోన్‌కు నాన్స్ ఇవ్వకుండా తీసిన బ్లాబ్ చూడటానికి అచ్చం అసలు బ్లాబ్‌లాగే ఉంటుంది, ఫైల్ సైజు కూడా తేడాగా అనిపించదు, కానీ పనికిరాదు.

ఫైల్ దాచాక దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. మొదట్లోనో చివర్లోనో జనరేటర్ అనే పేరు పక్కన మీరిచ్చిన విలువ కనిపించాలి. ఇమ్4టూల్ వంటి ప్రోగ్రామ్‌తో, ఆ వెర్షన్ ఐపీఎస్‌డబ్ల్యూలోని బిల్డ్ మానిఫెస్ట్‌తో (భాగాల జాబితా ఫైల్‌తో) కలిపి పరీక్షిస్తే టికెట్ సరైనదో కాదో తేలిపోతుంది. పేరులో మోడల్, వెర్షన్, బిల్డ్ నంబరు, తేదీ ఉండేలా పెట్టి, ఒక ప్రతిని పెన్ డ్రైవ్‌లోనూ మరొకదాన్ని మెయిల్‌లోనూ ఉంచాలి.

ఆరో మెట్టు: బ్లాబ్ ఉన్నా ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడం

బ్లాబ్ ఉంటే ఎప్పుడైనా వెనక్కి వెళ్లవచ్చనే నమ్మకం చాలామందిలో ఉంది. ఫ్యూచర్‌రీస్టోర్ అనే టూల్ దాచిన బ్లాబ్‌తో రీస్టోర్ చేయగలదు, నిజమే. కానీ సెక్యూర్ ఎన్‌క్లేవ్ నాన్స్‌ను మనం పెట్టలేం. కాబట్టి దాని ఫర్మ్‌వేర్‌కు ఆ రోజు ఆపిల్ ఇచ్చే తాజా సంతకమే కావాలి. అంటే ఫోన్‌లో పాత ఐఓఎస్, దాని పక్కన కొత్త ఎస్ఈపీ ఫర్మ్‌వేర్ కలిసి నడవాలి. రెండూ పొసగకపోతే పాస్‌కోడ్, టచ్ ఐడీ, ఫేస్ ఐడీ పనిచేయవు, కొన్నిసార్లు ఫోన్ యాక్టివేట్ కూడా కాదు. బేస్‌బ్యాండ్ (నెట్‌వర్క్ చిప్ ఫర్మ్‌వేర్) విషయంలోనూ తాజాదే వేయాలి.

ఐఓఎస్ 16 తర్వాత క్రిప్టెక్స్ టికెట్ కూడా కలవడంతో ఏ12 పైన ఈ దారి ఇంకా ఇరుకైంది. ఆ ఫోన్‌లకు బ్లాబ్‌లు దాచుకోవడం మానవద్దు, అది ఖర్చులేని పని. కానీ వాటినే నమ్ముకుని ఉన్న వెర్షన్‌ను వదులుకోవద్దు. ఏ11, అంతకు ముందు ఫోన్‌లలో చెక్‌మ్8 సాయంతో డీఎఫ్‌యూ నుంచే జనరేటర్‌ను పెట్టవచ్చు కాబట్టి అక్కడ వెసులుబాటు ఎక్కువ, అయితే ఎస్ఈపీ పొసగడం అన్న షరతు అక్కడా ఉంటుంది.

ఏడో మెట్టు: జైల్‌బ్రేక్ నడపడం, తర్వాత జాగ్రత్తలు

టూల్‌ను దాని సృష్టికర్తల అధికారిక చోటు నుంచే తీసుకోవాలి. వీడియోల కింద ఉండే లింకుల జోలికి వెళ్లవద్దు.

పాలెరైన్ సెమీ-టెథర్డ్ రకం. ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడల్లా కంప్యూటర్‌కు కలిపి మళ్లీ నడపాలి, లేకపోతే మామూలు ఫోన్‌లా పనిచేస్తుంది. ఏ11 ఫోన్‌లలో దీన్ని వాడేటప్పుడు పాస్‌కోడ్ తీసేయాలి. ఐఓఎస్ 16లో అయితే రీస్టోర్ చేసినప్పటి నుంచి ఎప్పుడూ పాస్‌కోడ్ పెట్టి ఉండకూడదు. డోపమైన్ సెమీ-అన్‌టెథర్డ్ రకం, రీస్టార్ట్ తర్వాత ఫోన్‌లోని యాప్ తెరిచి మళ్లీ నొక్కితే చాలు.

ఇక్కడ రెండు రకాల సంతకాలను కలిపేసి తికమకపడేవారు ఎక్కువ. ఉచిత ఆపిల్ ఐడీతో ఎక్కించిన యాప్ ఏడు రోజులకు తెరుచుకోవడం ఆగిపోతే అది యాప్ సంతకపు గడువు. దాన్ని మళ్లీ సంతకం చేయించి ఎక్కించుకోవచ్చు. ఐఓఎస్ 17.0 వరకు ట్రోల్‌స్టోర్ (యాప్‌లను గడువు లేకుండా ఎక్కించే టూల్) పనిచేసే వెర్షన్లలో ఆ గడువు బాధ కూడా లేదు. యాప్ గడువు ముగిసిందని ఫోన్‌ను రీస్టోర్ చేయడం మాత్రం చేయకూడదు, అలా చేస్తే చిన్న సమస్యకు వెర్షన్‌నే పోగొట్టుకున్నట్టు అవుతుంది.

ఐఓఎస్ 14, అంతకు ముందు వెర్షన్లలో జైల్‌బ్రేక్ ఉన్న ఫోన్ మీద "ఎరేజ్ ఆల్ కంటెంట్" నొక్కడం ప్రమాదం. సిస్టమ్ భాగంలో మార్పులు ఉండగా అది జరిగితే ఫోన్ ఆపిల్ బొమ్మ దగ్గరే తిరుగుతూ ఉండిపోవచ్చు. అప్పుడు మిగిలేది రీస్టోర్ ఒక్కటే, అంటే ఆ రోజు సంతకం ఉన్న వెర్షన్. ముందుగా టూల్‌లో ఉండే రూట్‌ఎఫ్ఎస్ రీస్టోర్ (సిస్టమ్ భాగంలోని మార్పులను వెనక్కి తీసే ఎంపిక) చేయాలి. ఐఓఎస్ 15 నుంచి సిస్టమ్ వాల్యూమ్‌కు కూడా సీలు రావడంతో కొత్త జైల్‌బ్రేక్‌లు దాన్ని ముట్టుకోకుండా రూట్‌లెస్ పద్ధతిలో పనిచేస్తున్నాయి, అందువల్ల ఈ ప్రమాదం బాగా తగ్గింది.

ఎనిమిదో మెట్టు: ఫోన్ చిక్కులో పడితే

తెరమీద కేబుల్ బొమ్మ కనిపించగానే కంగారుపడి ఐట్యూన్స్ తెరవవద్దు. అందులో వచ్చే అప్‌డేట్, రీస్టోర్ బటన్లు రెండూ తాజా వెర్షన్‌నే వేస్తాయి. అప్‌డేట్ అంటే డేటా పోదు కదా అని నొక్కినవారికి డేటా మిగిలి జైల్‌బ్రేక్ పోయింది. ముందుగా ఫోర్స్ రీస్టార్ట్ చేయాలి. ఐఫోన్ 8, తర్వాతి ఫోన్‌లలో వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి వదిలి, తగ్గించే బటన్ నొక్కి వదిలి, పక్క బటన్‌ను ఆపిల్ బొమ్మ వచ్చేవరకు పట్టుకోవాలి. అలా కాకపోతే ఐరికవరీ వంటి టూల్‌తో రికవరీ మోడ్ నుంచి బయటికి రప్పించే ఆదేశం ఇవ్వవచ్చు. సమస్య ఏదో ట్వీక్ (జైల్‌బ్రేక్ తర్వాత వేసుకున్న చిన్న మార్పు ప్రోగ్రామ్) వల్ల వచ్చి ఉంటే, జైల్‌బ్రేక్ లేకుండా ఫోన్‌ను మామూలుగా బూట్ చేసి, ట్వీక్‌లు ఆపిన స్థితిలో మళ్లీ జైల్‌బ్రేక్ నడిపి ఆ ట్వీక్‌ను తొలగించవచ్చు. ఈ ప్రయత్నాలన్నీ అయ్యాకే రీస్టోర్ గురించి ఆలోచించాలి.

ఆండ్రాయిడ్ వాడేవారికి

ఆండ్రాయిడ్‌లో సంతకం తీరు వేరు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన వెరిఫైడ్ బూట్ 2.0లో వీబీమెటా అనే భాగం మిగతా భాగాల హాష్‌లను సంతకంతో మోస్తుంది. రీస్టోర్ సమయంలో సర్వర్‌ను అడగాల్సిన పని ఉండదు. కొన్ని కంపెనీలు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను నడిపించే ప్రోగ్రామ్) అన్‌లాక్‌కు అనుమతిస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు. షావోమీ ఫోన్‌లలో అనుమతి కోరాక కొంతకాలం ఆగాల్సి రావచ్చు. అన్‌లాక్ చేయగానే ఫోన్‌లోని డేటా మొత్తం చెరిగిపోతుంది. శాంసంగ్‌లో అయితే అనుమతి లేని ఫర్మ్‌వేర్ పడగానే నాక్స్ ఫ్యూజ్ (అనుమతి లేని మార్పు జరిగిందని చిప్‌లో పడే గుర్తు) శాశ్వతంగా మారిపోతుంది, దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు.

వెనక్కి వెళ్లకుండా ఆపే అంకె ఇక్కడా ఉంది. శాంసంగ్ బిల్డ్ నంబరులో చివరి నుంచి ఐదో అక్షరం బూట్‌లోడర్ స్థాయి. ఫోన్‌లో 5 ఉండగా 4 ఉన్న ఫైల్‌ను ఓడిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో వేయబోతే తెరమీద చెక్ ఫెయిల్ సందేశం వచ్చి అక్కడే ఆగుతుంది. 2022లో గూగుల్ పిక్సెల్ 6 వరుస ఫోన్‌లకు ఆండ్రాయిడ్ 13 వేసిన తర్వాత ఆండ్రాయిడ్ 12 బూట్‌లోడర్‌కు తిరిగి వెళ్లడం ఇలాగే ఆగిపోయింది. కాబట్టి రూట్ చేసేవారు (ఆండ్రాయిడ్ మీద పూర్తి నియంత్రణ తెచ్చుకునేవారు) ఫైల్ దింపుకునే ముందే ఫోన్ బిల్డ్ నంబరును, ఫైల్ పేరును పక్కపక్కన పెట్టి ఆ అంకెను చూసుకోవాలి. బూట్‌లోడర్ తెరిచిన ఫోన్‌లలో బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు నిరాకరించవచ్చు. రోజూ చెల్లింపులు జరిపే ఫోన్ మీద ఈ పని పెట్టుకోకుండా పక్కన ఉన్న పాత ఫోన్‌కు చేసుకోవడం మంచిది.

ఐఫోన్ వాడేవారికి చివరిగా మిగిలే పని క్రమం తప్పకుండా చేసేది. కొత్త ఐఓఎస్ విడుదలైనప్పుడల్లా మీ ఫోన్‌లో దాన్ని వేసుకోకపోయినా, అదే ఈసీఐడీతో, అదే జనరేటర్-నాన్స్ జంటతో ఆ వెర్షన్ బ్లాబ్ కూడా తీసి దాచాలి. బ్లాబ్‌సేవర్‌లో పరికరపు వివరాలను ఒకసారి భద్రపరిస్తే వెనకాల దానంతట అదే కొత్త బ్లాబ్‌లు తీసుకునే సదుపాయం ఉంది. కంప్యూటర్ రోజూ ఆన్‌లో ఉండేవారు దాన్ని పెట్టుకుని, నెలకోసారి ఫోల్డర్ తెరిచి తాజా వెర్షన్ ఫైల్ చేరిందో లేదో చూసుకుంటే సరిపోతుంది.